ఈతలో ఉత్తీర్ణుడు

1956 సెప్టెంబరు 9, ఆదివారం. జమ్మలమడుగు.

ప్రొద్దుటూరులో నేను పనిచేసే ప్రెస్సులో చెడిపోయిన కాగితాలు కుట్టి ఈ పుస్తకం చేసుకున్నాను. ప్రతి కాగితానికీ ఒకవైపు శనగనూనె గానుగ వాళ్ళ ప్రకటన అచ్చయి ఉంది, రెండోవైపు ఖాళీ. ఆ ఖాళీ నాది. ఇందులో ఒక్క అబద్ధం కూడా రాయను. అబద్ధం దోపిడీ చేసేవాడికి కావాలి, దోపిడీకి గురయ్యేవాడికి దాంతో పనిలేదు. మొన్న చదివిన కరపత్రంలో ఈ మాట ఉంది. నా అభిప్రాయమూ అదే.

ఈరోజు ఇంట్లో గొడవ. గుడిలో ఆరాధన ముగిశాక పాదిరి అయ్యగారు మా వెంటే ఇంటికి వచ్చారు. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని గుడి కుండలోకి గింజలు తీస్తూ ఉంది. మా క్రైస్తవపేటలో వండేముందు ఇంట్లో తలకొక పిడికెడు గింజలు దేవునికని తీసి పెడతారు. మేము ఉన్నది ముగ్గురం: అమ్మ, వదిన, నేను. అమ్మ తీసేది నాలుగు పిడికిళ్ళు. నేవీకి పోయిన అన్న ఓడ మునిగి పన్నెండేళ్ళయింది. పన్నెండేళ్ళుగా నాలుగే.

"రూతమ్మా, పులివెందుల బోర్డింగు బడి యోబు మాస్టరు మన యేసమ్మను అడుగుతాండాడు. పెండ్లాం సచ్చిపోయి మూడేండ్లాయె. ఒక్కటే కూతురు. నెమ్మదైన మనిషి" అన్నారు అయ్యగారు.

అమ్మ తల ఎత్తలేదు. "నా కొడుకు పెండ్లాన్ని ఇంకొకనికి ఎట్లిస్తురు అయ్యగారూ?"

"యుద్ధంలో ఓడ మునిగిందని కాయితం వచ్చె గదమ్మా. నేనే సదివి చెబితిని."

"ఓడ మునిగింది. నా కొడుకు మునిగినాడని యాడ రాసినారు? కనపడలేదని రాసినారు. కనపడనోళ్ళంతా సచ్చినోళ్ళయితే నాకు దేవుడు గూడా కనపడడు."

అమ్మ నాలుగో పిడికెడు కుండలో వేసింది.

వాకిట్లో అంట్లు తోముతున్న వదిన అప్పుడు లోపలికి వచ్చింది. "అత్త నోటితో ఆయన లేడని అనాల. అంటేనే. లేకుంటే ఈ మాట ఇంతటితో వద్దు అయ్యగారూ" అంది.

జనవరి నుంచి యోబు మాస్టరును బోర్డింగు వార్డెన్‌గా వేస్తారట. భార్య ఉన్నవాడికే ఆ పని. క్రిస్మసు లోపల ఔనో కాదో చెప్పాలట.

వదినకు ఇరవై తొమ్మిదేళ్ళు. ఆస్పత్రిలో ఆయా. అన్నతో కాపురం చేసింది ఇరవై రోజులు.

సెప్టెంబరు 11. ప్రొద్దుటూరు.

విధవా వివాహానికి నేను సంపూర్ణంగా అనుకూలం. దాని మీద రెండు పుస్తకాలు చదివాను. ఈ విషయంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు.

ఆ యోబు మాస్టరు వాన లేకపోయినా గొడుగు పట్టుకుని తిరుగుతాడు. అదొక్కటే నాకు నచ్చలేదు.

సెప్టెంబరు 15

ఇంటికి పోయే బస్సు తప్పింది. రేపు పొద్దున్నే పోవాలి.

అన్న గురించి నాకు గుర్తున్నవి రాస్తాను. తెల్ల చొక్కా, తెల్ల నిక్కరు, వెడల్పాటి నీలం కాలరు. సెలవు మీద వచ్చి పెళ్ళి చేసుకుని ఇరవై రోజులు ఉన్నాడు. అప్పుడు నాకు ఏడేళ్ళు. ఆ ఇరవై రోజులూ పేటలో నా అంతటివాడు లేడు. అన్న టోపీ పెట్టుకుని తిరిగేవాణ్ణి. అది చెవుల కిందికి దిగేది. పెన్న ఇసుకలో చెలమ తవ్వి నీళ్ళు ఊరేదాకా మా పక్కన కూర్చుని, సముద్రంలో ఎంత నీళ్ళున్నా గుక్కెడు తాగడానికి పనికిరావని చెబితే ఎవరూ నమ్మలేదు. "తాగను పనికిరాని నీళ్ళు అన్ని ఎందుకు పెట్టినాడురా దేవుడు?" అంది అమ్మ. అందరూ నవ్వారు.

ఆ తర్వాత ఏడాది తిరక్కముందే కాగితం వచ్చింది.

దేవపాలు, వయసు ఇరవై. ఇప్పుడు నాకూ ఇరవై.

రీడింగ్ రూములో నాతో కరపత్రాలు చదివే మావాళ్ళకు అన్న తెల్లదొరల మీద తిరగబడి చనిపోయాడని చెప్పి ఉన్నాను. అది పూర్తిగా అబద్ధం కాదు. బతికి ఉంటే తిరగబడేవాడే.

సెప్టెంబరు 23, ఆదివారం

గుడికి పోకుండా పులివెందులకు పోయాను. యోబు మాస్టరుకు నాలుగు మాటలు గట్టిగా చెప్పి రావాలని. దారి పొడుగునా ఆ నాలుగు మాటలూ తయారు చేసుకున్నాను. ఒకటి: మా వదిన సరుకు కాదు. రెండు: మీ వార్డెన్ పని కోసం ఆడదాన్ని తెచ్చుకోవడం భూస్వామ్య బుద్ధి. మిగతా రెండూ ఇంకా బాగున్నాయి.

ఆయన బడి వెనక గదిలో నేల మీద కూర్చుని కూతురికి జడ వేస్తున్నాడు. జడ ఒకవైపుకు పోతోంది. విప్పి మళ్ళీ వేస్తున్నాడు. ఆ పిల్ల "నాయనా, మళ్ళా వంకరే" అంటోంది.

"రా అబ్బీ, కూచో. దేవపాలు తమ్మునివి గదా. ఆ నుదురు చూస్తానే తెలిసిపోయె" అన్నాడు.

"మా అన్నను నువ్వు యాడ చూసినావు?"

"చూడలేదు. యేసమ్మ చెప్పింది, ఆయనది ఎత్తు నుదురని."

ఉప్పు శనగలు తెచ్చి పెట్టాడు. తిన్నాను. మంచినీళ్ళు ఇచ్చాడు. తాగాను. ఎందుకొచ్చావని ఆయన అడగలేదు. బస్సు దాకా వచ్చి, ఎండగా ఉందని గొడుగు నా మీద పట్టాడు.

ఆ నాలుగు మాటలూ బస్సులో తిరిగి వచ్చాయి.

అక్టోబరు 3

అన్న సంగతి అడుగుతూ బొంబాయిలో నౌకాదళం వాళ్ళ ఆఫీసుకు ఉత్తరం రాశాను. ఇంగ్లీషు మా ప్రెస్సు ఫోర్మన్‌ది, కోపం నాది. కోపం ఉన్న వాక్యాలన్నీ ఆయన కొట్టేశాడు. "రేయ్, వాళ్ళు నీకు బాకీ ఉన్నట్టు రాస్తాండావు. అర్జీ అట్ల రాయరు" అన్నాడు. బాకీ ఉన్నారు కాబట్టే అట్ల రాశానన్నాను. జవాబు ప్రెస్సు అడ్రసుకే రమ్మన్నాను. అమ్మకు తెలియకూడదు.

అక్టోబరు 21, ఆదివారం. జమ్మలమడుగు.

పెన్న వచ్చింది. ఊరంతా గట్టున చేరింది. ఎర్రనీళ్ళు, విరిగిన కొమ్మలు, ఒక దూడ. అమ్మ మాత్రం రాలేదు. అమ్మ ఎప్పుడూ రాదు. చెలమకు పోతుంది గాని ఏరు పారేటప్పుడు పోదు.

గట్టున వదిన నా పక్కన నిలబడి ఉంది. నీళ్ళ చప్పుడులో ఒక్కసారిగా అంది: "శుభాకరూ, నీతో ఒక మాట జెప్తా, కోపగించుకోగాకు. నాకు ఆయన ముఖం గుర్తు రాదు."

"ఏమంటాండావు వదినా?"

"మెడ గుర్తుంది. ఈడ ఒక మచ్చ. నుదురు ఎత్తు. గొంతు కొంచెం గుర్తుంది. ముఖం రాదు. శానా దినాలైంది రాక. ప్రార్థనలో గూడా కండ్లు మూసుకోని వెతుకుతా."

నేను ఏమన్నానో రాయాలి, అబద్ధం రాయనన్నాను కాబట్టి. "గొడుగు ముఖం బాగా గుర్తొస్తాదేమో" అన్నాను.

ఆమె ఏడవలేదు. ఇంటికి పోయి నాకు అన్నం పెట్టింది. పళ్ళెం తోసేశాను. తీసి మళ్ళీ పెట్టింది.

అక్టోబరు 22

పళ్ళెం తోసి ఉండకూడదు.

నవంబరు 1

కొత్త రాష్ట్రం. నిన్నంతా, ఈరోజంతా అభినందన పత్రాలకు అక్షరాలు కూర్చాను. ఎవరు ఎవర్ని అభినందిస్తున్నారో చూసే తీరిక లేదు. వేళ్ళన్నీ సీసం. బొంబాయి నుంచి ఏమీ రాలేదు.

నవంబరు 13

వచ్చింది!

ఒకటే కాగితం. టైపు చేసినది. అన్న పేరు, నంబరు, చేరిన తేదీ, శిక్షణ పొందిన చోటు. శిక్షణ కింద ఒక్కో వరుస: కవాతు, సంతృప్తికరం. ఇంజన్ గది పని, మంచిది. ఈత, ఉత్తీర్ణుడు. ఆ తర్వాత ఓడ పేరు. 1944 ఫిబ్రవరిలో శత్రువు టార్పెడో వల్ల ఓడ మునిగింది. కనపడలేదు, మరణించినట్టు భావించబడుతున్నాడు.

ఈతలో ఉత్తీర్ణుడు! పదిసార్లు చదివాను. మా పేటలో ఈత వచ్చిన మగవాడు ఒక్కడూ లేడు. మాకు బైబిలు చేతికి వచ్చింది గాని బావి చేతికి రాలేదు. మమ్మల్ని బావిలో దిగనిచ్చిన ఆసామి ఎవడు? మరి అన్న నేర్చుకున్నాడు. పరీక్ష కూడా నెగ్గాడు.

ఈత వచ్చినవాడు మునుగుతాడా? ఏదో ఒడ్డుకు కొట్టుకుపోయి ఉంటే? అరబ్బు దేశాలున్నాయి, ఆఫ్రికా ఉంది. అమ్మే నిజమేమో. అమ్మే నిజం.

అట్లయితే వదిన?

నవంబరు 18, ఆదివారం. జమ్మలమడుగు.

కాగితం జేబులోనే ఉంచుకుని అమ్మను మామూలుగా అడిగాను. "అమ్మా, అన్నకు ఈత వచ్చునా?"

జొన్నలు చెరుగుతున్న చేట ఆగిపోయింది. "రాదు."

"నేవీకి పోయినాక నేర్చుకొని ఉంటాడేమో."

"వానికి రాదు! వాడు నేర్చుకోడు! ఎవరడగమన్నారు నిన్ను?" అని చేట నేలకేసి కొట్టింది. జొన్నలన్నీ వాకిలంతా పడ్డాయి. నాకీ కోపం ఎక్కడిదని అందరూ అడుగుతారు. చేట చూస్తే తెలుస్తుంది.

వదినా నేనూ కూర్చుని జొన్నలు ఏరుతుంటే ఆమె మెల్లగా చెప్పింది. ఆ ఇరవై రోజుల్లో అన్నే ఆమెకు చెప్పాడట. పదేళ్ళప్పుడు సాయిబుల పిల్లవాడు ఖాజాతో కలిసి తోట బావిలో దిగాడు. నడుముకు నీళ్ళలో తేలే బెండ్లు కట్టుకుని ఈత నేర్చుకోవాలని. సాయిబుల పిల్లలు దిగితే తప్పులేదు, మావాడు దిగితే బావి మైల. ఆసామి మా నాయనను పిలిపించి, బావిలో నీళ్ళన్నీ తోడించాడు. తొమ్మిది రోజులు. ఆ తర్వాత నాయన నడుము లేవలేదు, రెండేళ్ళకు పోయాడు. తోడిన మొదటిరోజే అమ్మ అన్నను వాతలు తేలేటట్టు కొట్టి, బైబిలు మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించింది: బతికినన్నాళ్ళు నీళ్ళలో దిగనని.

"అయినా ఓడ మీదికి ఎట్ల పంపింది అమ్మ?"

"ఓడలో ఉండేటోళ్ళు నీళ్ళల్లో దిగరు గదా అని ఆయనే చెప్పినాడంట అత్తకు. కారులో పోయేటోడు మట్టి తొక్కుతాడా అన్నాడంట."

జేబులో కాగితం. ఉత్తీర్ణుడు. ఒట్టు తప్పి నేర్చుకున్నాడా?

"ఖాజా గూడా నేవీకి పోయినాడు గదా, ఒకే ఓడ. ఆయప్పనడుగు" అంది వదిన.

ఖాజా బతికి వచ్చాడు. పదేళ్ళుగా ప్రొద్దుటూరులోనే ఉన్నాడు. ఒక్కసారైనా మా గడప తొక్కలేదు. నన్ను బజారులో చూస్తే సందు తిరిగిపోతాడు. పిరికివాడని ఎప్పుడో తీర్మానించాను.

నవంబరు 24

ఖాజాను బావుల ఖాజా అంటారు. బిందె పడినా, చేద పడినా, మనిషి పడినా ఆయన్నే పిలుస్తారు. పూడిక కూడా తీస్తాడు. పాత పత్తి జిన్నింగు మిల్లు బావి దగ్గర దొరికాడు. మెట్ల మీద కూర్చుని చెవిలో నీళ్ళు కార్చుకుంటున్నాడు.

"ఖాజా మామా, నేను దేవపాలు తమ్ముణ్ణి."

"తెలుసప్పా. పని ఉంది నాకు."

"మా అన్నకు ఈత ఎవరు నేర్పించినారు?"

నా వైపు చూశాడు. కాగితం తీసి ఆ వరుస మీద వేలు పెట్టి చదివి చెప్పాను. ఆయన లేచి బావిలోకి దూకాడు. నేను గట్టు మీద నిలబడ్డాను. చాలాసేపటికి పైకి తేలాడు గాని అటువైపు మెట్లెక్కి పోయాడు.

డిసెంబరు 2, ఆదివారం. ప్రొద్దుటూరు.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం ఖాజానే నా గదికి వచ్చాడు. శుభ్రమైన చొక్కా తొడుక్కుని. మంచం చూపిస్తే కూర్చోలేదు, గడప దగ్గర కూర్చున్నాడు.

"ఆ కాయితం అబద్ధం చెప్తాందప్పా. మీ అన్నకు ఈత రాదు."

"ఉత్తీర్ణుడని ఉంది."

"ఉత్తీర్ణుణ్ణి నేను."

తర్వాత ఆగకుండా చెప్పాడు. శిక్షణలో నాలుగో వారం ఈత పరీక్ష పెట్టారు. కొలను ఈ దరి నుంచి ఆ దరికి పోయి తిరిగి రావాలి. ఈత రానివాళ్ళను ఇళ్ళకు తోలేస్తారని ఎవరో పుకారు లేపారు.

"మీ అన్న రెండు దినాలు బువ్వ ముట్టల్యా. 'ఇంటికి పంపితే మల్లా ఆ ఆసామి తోటలోనే కూలికి పోవాల ఖాజా, మా నాయన నడుము పోయిన తోటలోనే' అని అదే మాట. తెల్లోనికి మన ముఖాలన్నీ ఒకటే గదా. నా నంబరు పిలిచినారు, ఈదినా. ఒళ్ళు తడి ఆరకముందే వాని నంబరు పిలిచినారు. మల్లా దూకినా."

"గుర్తుపట్టలేదా వాడు?"

"గుర్తుపట్టేదేంది! 'ముందరోని కంటే ఈ పిల్లోడు మేలు' అన్నాడు." ఖాజా నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "ఆ పూట మేం నవ్విన నవ్వు ఇంగెన్నడూ నవ్వలేదప్పా."

"తర్వాత నువ్వు నేర్పించొచ్చు గదా!"

"ఎన్నిసార్లు దిగమంటినో. అమ్మకు ఒట్టేసినా అంటాడు. ఇది బావి గాదు కదరా అంటే, నీళ్ళు నీళ్ళే గదా అంటాడు. ఇంకొకటి ఉంది. ఈత రానోళ్ళను ఇంటికి పంపరంట. పక్కకు తీసి నేర్పిస్తారంట. మా తర్వాత వచ్చినోళ్ళు చెప్తే తెలిసింది. నేను ఆ రెండోసారి దూకకుండా ఉంటే, వాళ్ళే వాన్ని నీళ్ళల్లోకి తోసి నేర్పిచ్చుందురు."

ఓడ మునిగేటప్పుడు ఏమయిందని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"నడుముకు తేలే బెల్టు ఉంది వానికి. దూకితే చాలు. నేను కింద నీళ్ళల్లో ఉండి అరుస్తాండా, దూకరా, నేను పట్టుకుంటా అని. పైన ఓడ కమ్మీ పట్టుకోని నిలబడినాడు. నన్నే చూస్తాండాడు. నవ్వినాడో ఏడ్చినాడో తెలీదు. దూకలేదు. అట్లనే పాయె."

నేను ఖాజాను కొట్టాను. రెండు సార్లు, చెంప మీద. ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు. మూడోది కూడా పడుతుందేమోనని ఆగి, పడకపోతే, లేచి వెళ్ళిపోయాడు.

డిసెంబరు 3

మా నాయన వయసు మనిషిని కొట్టాను.

డిసెంబరు 5

చక్రవర్తి యుద్ధం చంపింది. కాదు, ఆసామి బావి చంపింది. కాదు, పుకారు. ఖాజా. అమ్మ.

అమ్మ అని రాసి కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయలేదు. కోపం ఎవరి మీద పెట్టాలో నాకు ఇంతకుముందు ఎప్పుడూ తెలుస్తూనే ఉండేది.

డిసెంబరు 6

ఖాజాకు ముప్పై మూడేళ్ళట, లెక్క వేస్తే. మా నాయన వయసు అని రాశాను. అట్ల కనపడతాడు.

డిసెంబరు 11

వదినకు ఇంకా రెండు వారాలే ఉంది. అమ్మకు నిజం చెప్పాలి. సత్యం చేదుగా ఉన్నా మందు, అని చదివాను. చెప్పాలి. చెప్పాలి. ఆదివారం చెప్తాను.

అమ్మ ఎందుకు నాలుగో పిడికెడు వేస్తుందో ఇప్పుడు తెలుసు. అన్న మునిగి చనిపోయాడంటే, ఒట్టు వేయించిన చెయ్యి ఆమెది. అది ఒప్పుకోకుండా ఉండాలంటే అన్న ఎక్కడో బతికి ఉండాలి.

బావుల దగ్గరికి పోయి ఖాజా కాళ్ళు పట్టుకుందామనుకున్నాను. పట్టుకోనివ్వలేదు. "మీ అమ్మ ముందర నేనే చెప్తాలేప్పా. కొడితే కొట్టనీ. పదేండ్లుగా ఆ దెబ్బలకే తప్పించుకోని తిరుగుతాండా" అన్నాడు.

డిసెంబరు 16, ఆదివారం. జమ్మలమడుగు.

ఖాజా వచ్చాడు. అమ్మ చాప వేసింది. ఆయన్ను చూసిన క్షణం నుంచి అమ్మ ముఖం రాయి. వదిన తలుపు పక్కన నిలబడింది, ఆస్పత్రి చీరలోనే.

"రూతమ్మ పిన్నీ, నేనొక తప్పు జేసినా..." అని ఖాజా మొదలుపెట్టాడు.

అమ్మ చెయ్యెత్తి ఆపింది. "నీ తప్పు తర్వాత చెప్పుదువు. నేనొకటడుగుతా, అది చెప్పు. దాచొద్దు నాయనా. నీళ్ళు వచ్చినప్పుడు వాడు బయపడినాడా? వానికి ఈత రాదు. రాకుండా జేసింది నేనే. నా చేత్తో వాని చెయ్యి పట్టి దేవుని పుస్తకం మీద పెట్టించినా. అప్పటినుండి నేను ఒక్క దినం గూడా..." మాట పూర్తి కాలేదు. అమ్మ గొంతు అట్లా విరగడం నేనెప్పుడూ వినలేదు. ఓడ మునిగిందని కాగితం వచ్చినప్పుడు కూడా.

ఖాజా నా వైపు చూశాడు.

నేను జేబులోంచి కాగితం తీశాను.

"అమ్మా, బొంబాయి నుంచి సర్కారు కాయితం వచ్చింది. విను" అన్నాను. పేరు చదివాను. నంబరు చదివాను. కవాతు, సంతృప్తికరం. ఇంజన్ గది పని, మంచిది. ఈత, ఉత్తీర్ణుడు.

"అంటే?"

"ఈత పరీక్షలో నెగ్గినాడని."

"వాడా?" అమ్మ ఖాజా వైపు తిరిగింది. "నిజమేనా అబ్బోడా?"

ఖాజా తల వంచుకుని చాప పోగులు లాగాడు. తర్వాత అన్నాడు: "నేనే నేర్పించినా పిన్నీ. ఈ దరి నుంచి ఆ దరికి, మల్లా ఈ దరికి. తెల్లోడు మెచ్చుకున్నాడు. ముందరోని కంటే ఈ పిల్లోడు మేలు అన్నాడు."

"అయితే నా ఒట్టు తప్పినాడు."

"తప్పినాడమ్మా" అన్నాను నేను.

"దేవుని పుస్తకం మీద వేసిన ఒట్టు!" అమ్మ ముఖం ఏమవుతోందో మొదట నాకు అర్థం కాలేదు. అమ్మ నవ్వుతోంది. "దొంగనాయాలు! ఎంత మంచి పని జేసినాడు! ఎంత మంచి పని!" రెండు చేతులతో ఖాజా తల పట్టుకుని ఊపింది. ఖాజా వెక్కి వెక్కి ఏడ్చాడు. మంచివాడు కాబట్టి ఏడుస్తున్నాడనుకుంది అమ్మ.

ఆ నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది. పైట కొంగుతో ముఖం తుడుచుకుని, నెమ్మదిగా, మామూలు గొంతుతో అడిగింది:

"ఈత వచ్చుండి గూడా, మరి ఎట్ల పాయె నాయనా నా కొడుకు?"

తలుపు పక్కన వదిన నేల మీద కూలబడింది. అత్త నోటితో వచ్చింది ఆ మాట. అడిగిన అమ్మకు తెలియదు తను ఏమందో. మాకు ముగ్గురికీ తెలుసు.

"ఇంజన్ గదిలో పిన్నీ. టార్పెడో ఆడనే తగిలింది. ఒక్క గడియలో అయిపాయె. నీళ్ళను చూసిందే లేదు వాడు" అన్నాడు ఖాజా.

అప్పుడు అమ్మ ఏడ్చింది. పన్నెండేళ్ళది.

డిసెంబరు 17

ఖాజా బస్సెక్కకుండా ప్రొద్దుటూరు దాకా నా పక్కన నడిచాడు. విడిపోయేటప్పుడు అన్నాడు: "ఇంగ నా తప్పు చెప్పుకునేదానికి ఎవరూ లేరప్పా. నువ్వొక్కడివే."

డిసెంబరు 23, ఆదివారం

గుడిలో అన్నకు ఆదరణ కూటం జరిగింది. శవపేటిక లేదు, సమాధి లేదు. అన్న టోపీ బల్ల మీద పెట్టారు. అయ్యగారు ఆ కాగితం చదవమన్నారు. అందరి ముందూ చదివాను. ఈత దగ్గరికి వచ్చేసరికి అమ్మ పక్కవాళ్ళను మోచేత్తో పొడిచింది.

పొద్దున గుడి కుండలోకి మూడు పిడికిళ్ళే తీసింది. నాలుగోసారి చెయ్యి గింజల్లోకి పోయింది. కాసేపు గింజల్లోనే ఉంచింది. ఖాళీగా తీసింది.

డిసెంబరు 28

వదిన పెళ్ళి. పులివెందులలో. అమ్మే దగ్గరుండి తలలో పూలు పెట్టింది. యోబు మాస్టరు కూతురి జడ ఈరోజు వంకరగా లేదు, వదిన వేసింది. ఆయన గొడుగు నా చేతిలోనే బస్సెక్కి వచ్చేసింది, తిరిగి ఇవ్వడం మరిచాను. పోయి ఇవ్వాలి.

ఇక అమ్మ తీసేది రెండు పిడికిళ్ళు.

1957 జనవరి 8. ప్రొద్దుటూరు.

రీడింగ్ రూములో లేచి చెప్పాను. మా అన్న ఎవరిమీదా తిరగబడలేదు, అది నేను కల్పించింది. ఓడ ఇంజన్ గదిలో పని చేస్తూ యుద్ధంలో పోయాడు. ఒకడు నవ్వాడు. నేను కొట్టలేదు.

జనవరి 19

రోజూ పని ముగిశాక మిల్లు బావికి పోతున్నాను. ఖాజా నా నడుముకు బెండ్లు కట్టి తాడు పట్టుకుంటాడు. మొదటిరోజు మూడో మెట్టు మీద నిలబడి అరగంట సేపు దూకలేకపోయాను. బావి గోడ పట్టుకుని. "దూకప్పా, నేను పట్టుకుంటా" అన్నాడు ఆయన. అని, ఆ మాటకు తనే ఉలిక్కిపడి, తాడు వదిలేసి గట్టున కూర్చుండిపోయాడు.

దూకాను.

జనవరి 27, ఆదివారం. జమ్మలమడుగు.

ప్రతి శనివారం నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ కాగితం తీసి చాప మీద పెట్టి ఉంచుతుంది. ఆ వరుస ఎక్కడుందో ఇప్పుడు ఆమెకు తెలుసు. అక్షరాలు రావు గాని వేలు సరిగ్గా అక్కడే పెడుతుంది.

ఈ పుస్తకం మొదటి పుటలో అబద్ధం రాయనన్నాను. డిసెంబరు పదహారున చదివిన దాంట్లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. ఉన్నది ఉన్నట్టే చదివాను.

"ఇంగోసారి సదువురా" అంది అమ్మ.

చదివాను.